వెలిగే రేణువులు: క్యాన్సర్ వేటలో ఒక చిన్న చరిత్ర

పదేళ్ళ క్రితం హైదరాబాదులో మా అక్కకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు, గండం గడిచిందనుకున్నాం. వారం తర్వాత పాథాలజీ రిపోర్టు వచ్చింది. తీసిన ముక్క అంచులో ఇంకా క్యాన్సర్ కణాలున్నాయట. మళ్ళీ ఆపరేషన్. "మొదటిసారే మొత్తం తియ్యలేకపోయారా డాక్టరుగారూ?" అని అడిగాను. "కంటికి కనిపిస్తేగా బాబూ, తీసేది!" అన్నారాయన.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో తెలియకపోతే అనుమానం ఉన్న చోటల్లా ఒక గుర్తు పెట్టి చూస్తాం. క్యాన్సర్ కణానికి అలాంటి గుర్తు పెట్టలేమా? తిరుగు ప్రయాణం విమానంలోనే చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను. కాబట్టి ఇది వైద్య సలహా కాదు, నేను తెలుసుకున్న చరిత్ర మాత్రమే.

ఈ కథకి మూలం 1852లో ఉంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, మలేరియా మందైన క్వినైన్ ద్రావణాన్ని ఒక్కొక్క రంగులో పెట్టి చూశాడు. ఊదారంగు దాటాక, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట, ద్రావణం నీలంగా మెరిసింది. కనిపించని కాంతిని మింగి కనిపించే కాంతిని ఇచ్చే ఈ గుణానికి ఆయన ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే ప్రతిదీప్తి అంటారు.

దీన్ని క్యాన్సర్ మీద ప్రయోగించినవారిలో మిన్నెసోటా సర్జన్ జార్జ్ మూర్ ముందువరసలో ఉంటాడు. 1947, 1948 ప్రాంతాల్లో ఆయన ఫ్లోరెసిన్ అనే రంగుని రోగుల రక్తంలోకి ఎక్కించి, మెదడులో కణితి ఎక్కడుందో ఆ వెలుగుతో పోల్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆలోచన గట్టిదే. కానీ ఇలాంటి రంగులు కాంతి పడేకొద్దీ వెలిసిపోతాయి, పక్క కణజాలంలోకీ పాకుతాయి.

వెలిసిపోని వెలుగు మరో దారిన వచ్చింది. 1980ల తొలినాళ్ళలో సోవియట్ దేశంలో అలెక్సీ ఎకిమోవ్ రంగుగాజులోను, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో లూయిస్ బ్రస్ ద్రావణంలోను ఒక వింత చూశారు. పదార్థం ఒకటే, రేణువు సైజు మారితే రంగు మారుతోంది! ఇవే క్వాంటమ్ డాట్లు. కాడ్మియం సెలినైడ్ రేణువు రెండు నానోమీటర్లుంటే నీలంగా, ఆరు నానోమీటర్లుంటే ఎర్రగా వెలుగుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లని గుర్తుంచుకుంటే ఇవెంత చిన్నవో తెలుస్తుంది. 1993లో ఎం.ఐ.టి.లో మౌంగీ బావెండీ వీటిని ఒకే సైజులో, నాణ్యంగా తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

1998లో రెండు బృందాలు ఈ డాట్లని జీవకణాలకి గుర్తులుగా వాడి చూపించాయి. 2004లో అట్లాంటాలో షుమింగ్ నీ బృందం వాటికి యాంటీబాడీలు తగిలించి ఎలుకల్లోకి ఎక్కించింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణితి ఉన్నచోట శరీరం బయటికే వెలుగు కనిపించింది. ఇంకేం, పని అయిపోయినట్టే అనిపించింది.

అయితే దీపావళి రాత్రి టపాకాయలు కాల్చడం అందరికీ సరదాయే. మర్నాడు పొద్దున్నే వీధి ఊడ్చేదెవరు? సరిగ్గా ఇక్కడే చిక్కు వచ్చింది. కాడ్మియం విషం. అదే 2004లో శాన్‌డియాగోలో భారతీయ సంతతికి చెందిన సంగీతా భాటియా బృందం, డాట్ల పైపూత పాడైతే కాడ్మియం బయటికొచ్చి కాలేయ కణాలు చచ్చిపోతాయని చూపించింది. 2007లో బోస్టన్ పరిశోధకులు ఎలుకల మీద పరీక్షించి, రేణువు సుమారు ఐదున్నర నానోమీటర్ల లోపుంటేనే మూత్రంలో త్వరగా బయటికి పోతుందని, పెద్దవి ఒంట్లో ఉండిపోతాయని తేల్చారు. ప్రోగ్రాములో తీసుకున్న మెమరీని తిరిగి వదలకపోతే ఏమవుతుందో మా వృత్తివాళ్ళకి తెలుసు. వెలిగించడం ఒక ఎత్తు, బయటికి పంపడం ఇంకో ఎత్తు.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉల్రిచ్ వీస్నర్ ఈ చిక్కుని వేరేవైపునుంచి పట్టుకున్నాడు. ఇసుకలో ఉండే సిలికాతోనే చిన్న గుండు చేసి, వెలిగే రంగుని దాని లోపల బంధించాడు. ఇవే కార్నెల్ డాట్లు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్‌లో మిషెల్ బ్రాడ్‌బరీ వీటిని వైద్యానికి మలిచింది. 2011లో ఎఫ్.డి.ఎ. మనుషుల మీద పరీక్షకి అనుమతిచ్చింది. ముదిరిన మెలనోమా ఉన్న ఐదుగురి మీద చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో జాడ తీసింది రేణువులకి తగిలించిన రేడియోధార్మిక అయోడిన్ ద్వారా, పెట్ స్కాన్‌తో. పెద్ద దుష్ఫలితాలేమీ లేవు. రేణువులు ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికొచ్చాయి. తర్వాతి పరీక్షల్లో తల, మెడ భాగాల మెలనోమా రోగులకి ఆపరేషన్లో లింఫు గ్రంథుల్ని వెతకడానికి ఈ వెలుగునే వాడారు. అయినా ఈ రేణువులు ఇంకా ప్రయోగదశ దాటలేదు.

ఈలోగా, రేణువులకంటే చిన్నవైన వెలిగే అణువులు ముందే ఆపరేషన్ థియేటర్లోకి వచ్చేశాయి. 2021లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కి అనుమతి పొందిన పాఫోలాసయనిన్ ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన భాగంతో క్యాన్సర్ కణాన్ని పట్టుకుంటుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధనకి సారథి ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టి, బోస్టన్‌కి వచ్చిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే! ఆయన 1948లో పోయారు. ఆయన పని మాత్రం ఇంకా వెలుగుతోంది.

ఇక 2024లో అనుమతి పొందిన లూమిసైట్ రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాక ఆ గాయంలో ఇంకేమైనా మిగిలిందా అని అక్కడికక్కడే చూడటానికి ఉద్దేశించింది. మా అక్కకి కావలసింది అదే. పదేళ్ళు ఆలస్యమైంది.

ఈమధ్య ఫోన్లో ఈ సంగతి చెప్పాను. అక్క ఇప్పుడు కులాసాగానే ఉంది. "పోనీలేరా, నా తర్వాత వాళ్ళకైనా రెండో కోత తప్పుతుంది" అంది. స్టోక్స్ నుంచి ఇక్కడికి 172 ఏళ్ళు. ఈ సభలకొచ్చిన మన పిల్లల్లో ఎవరైనా ఈ దారిలో మరో అడుగు వేస్తే అంతకంటే కావలసిందేముంది? పెద్దలు మాత్రం డాక్టరు చెప్పిన పరీక్షలు వాయిదా వెయ్యకండి. ఏ వెలుగైనా పనికొచ్చేది వేళకి వెళ్ళినవాళ్ళకే.