క్లార్క్ దంపతుల బొమ్మల పరీక్ష

జాతివివక్ష నల్లజాతి పిల్లల మనసుపై చూపే ప్రభావం గురించి అమెరికాలో 1940 దశకంలో వెలువడిన పరిశోధన. చేసినవారు మామీ ఫిప్స్ క్లార్క్, ఆమె భర్త కెనెత్ క్లార్క్. దీనికి మూలం హోవార్డ్ విశ్వవిద్యాలయంలో మామీ రాసిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసమే అయినా, పేరు ఎక్కువగా భర్తకే దక్కడం అన్యాయం.

మూడు నుంచి ఏడేళ్ల పిల్లల ముందు, చర్మం, జుట్టు రంగుల్లో తప్ప తేడా లేని బొమ్మలు ఉంచారు. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లదాన్నే చూపారు. నీలా ఉన్నదేదని అడిగితే కొందరు పసివాళ్లు ఏడుస్తూ గదిలోంచి పరుగెత్తారు. తెల్ల పిల్లలతో కలిసి చదివే ఉత్తరాది పిల్లల్లోనూ ఇదే ధోరణి కనిపించిందని, కాబట్టి బడుల్లో విభజనే దీనికి కారణమనలేమని విమర్శకులు ఎత్తిచూపారు. అయినా బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పులో సుప్రీంకోర్టు కెనెత్ రచనను ఉదహరించింది. అంతకుముందే, 1946లో, దంపతులు న్యూయార్క్ హార్లెంలో పిల్లల కౌన్సెలింగ్ కేంద్రాన్ని ప్రారంభించారు.