గామా – ఇమాం సోదరులు

తాలింఖానా మట్టి నెరిగిన పెద్దలకు గామా పేరు క్రొత్తది కాదు. ఆయన తమ్ముడు ఇమాం బక్షును మాత్రము లోకము కొంత మరచినది. నేడు ఆ యిరువురి కథను కలిపి చెప్పదలచితిని.

అమృత్‌సరుకు చెందిన మల్లకుటుంబమున బుట్టిన యీ సోదరులు 1910లో లండను చేరిరి. పొట్టివాడని గామాను అచ్చటివారు మొదట లెక్కసేయలేదు. ఆగస్టులో ఆయన అమెరికా మల్లుడగు డాక్టరు రోలరును పడగొట్టగానే ఆ మాట అణగిపోయెను. ఇమాం స్విట్జర్లాండు మల్లుడగు జాన్ లెమ్మును కొద్ది నిమిషములలోనే ఓడించెను.

అసలు వైరము పోలెండు వీరుడగు జిబిస్కోతో వచ్చినది. సెప్టెంబరు 10వ తేదీన అతడు బోరగిలబడి, చాపను కరచుకొని, రెండున్నర గంటలకు పైగా కాలము గడపెను. గామా అతనిని వెల్లకిల ద్రిప్పలేకపోయెను. మరల 17వ తేదీన కుస్తీ యనిరి. జిబిస్కో రాలేదు. జాన్‌బుల్ పట్టీ గామాకు దక్కెను.

ఆ గెలుపు మల్లునకు తృప్తి నిచ్చియుండదని నాకు తోచును. పట్టీ దొరికెను గాని పట్టు మిగిలిపోయెను. పదునేడేండ్ల పిమ్మట, 1928 జనవరిలో, పటియాలాయందు వారిరువురు మరల తలపడిరి. గామాకు ఏబదియేండ్లు సమీపించినవి. అయినను నిమిషము నిండకమునుపే జిబిస్కో వెల్లకిలబడెను. బాకీ తీరెను.

దేశవిభజన పిమ్మట గామా లాహోరున నివసించి 1960లో కన్నుమూసెను. ఆ యింటి మల్లవిద్యను తరువాత నిలిపినవారు భోలూ సోదరులు. వారు ఇమాం కుమారులు. అన్న తెచ్చిన కీర్తిని తమ్ముని సంతతి కాపాడినది. కావున గామాను తలచునపుడు ఇమామును గూడ తలచుట న్యాయమని నా మనవి.