మరరంపమునకు పూచీ ఎవరు?

మన యిండ్లకు తలుపులు చేసిన వడ్రంగి సంచిలో రంపముతోపాటు ఒక ఆకురాయి తప్పక ఉండెడిది. పళ్లు మొద్దుబారినచో అతడే నీడపట్టున కూర్చుండి ఒక్కొక్క పంటిని రాచి పదును పెట్టుకొనెడివాడు. పిడి ఊడినచో వేరొకటి చెక్కి తొడిగెడివాడు. పనిముట్టు మంచిచెడ్డలు అతని చేతిలోనివే. అమ్మినవానిని మరల వెదకవలసిన పని అరుదు. చేతబట్టి కోయు మరరంపము వచ్చిన పిమ్మట ఈ స్వాతంత్ర్యము పోయినది. దానికి బదులు చేతికి వచ్చినది ఒక కాగితము. దానినే వారంటీ చీటి యనుచున్నాము.

ఈ కథ అమెరికాలో చెరకుతోటల చెంత మొదలైనది. 1920 తరువాతి తొలి సంవత్సరములలో న్యూ ఆర్లియన్సు నగరమున నుండిన ఎడ్మండ్ మిషెల్ అను ఫ్రెంచివాడు, కూలీలు పెద్దకత్తులతో చెరకు నరుకుటకు పడు శ్రమను చూచి, అట్టి కత్తికే చిన్న మోటారును, గుండ్రని రంపపుబిళ్లను అమర్చెను. జోసెఫ్ సల్లివన్ అను స్థలముల వ్యాపారి ఈ వింతను గూర్చి విని అతనిని కలిసికొనెను. చెరకుకంటె కొయ్యకే ఇది పనికివచ్చునని గ్రహించి 1924లో వారు కంపెనీ పెట్టిరి. 1926లో మిషెల్ వైదొలగగా కంపెనీకి స్కిల్‌సా అను పేరు వచ్చెను.

ఈ రంపమునకు ప్రాణము లోని మోటారు. అది నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. తిరుగు భాగమునకు విద్యుత్తు నందించునవి రెండు చిన్న బొగ్గుముక్కలు. పనివారు వానిని కార్బన్ బ్రష్షులందురు. అవి రాచుకొనుచు అరిగిపోవలసినవే. ఇక మొద్దుబారిన బిళ్లతో బలవంతముగా నెట్టినచో మోటారు వేగము తగ్గి, కరెంటు అధికముగా లాగి, లోని తీగచుట్లు వేడెక్కి కాలును. దూరపు పనిచోటికి సన్నని తీగ లాగినచో వోల్టేజి పడిపోయి మోటారు నీరసించును. అప్పుడును అదే గతి పట్టవచ్చును. రంపపుపొట్టు గాలిరంధ్రములను మూసినను వేడి బయటికి పోదు. కాలిన తీగచుట్టను చూచి, ఇది చేసినవాని తప్పా, వాడినవాని తప్పా అని తేల్చుట సులభము కాదు. అంగడివాని బల్లయెదుట జరుగు తగవులకు మూలమిచటనే యున్నది.

తిరిగివచ్చిన మరను పుచ్చుకొని క్రొత్తది యిచ్చి పంపుట ఒక మర్యాద. అయితే ఆ క్రొత్తదానిలోను అదే లోపముండిన ఏమి ప్రయోజనము? మిల్వాకీ నగరమున ఎ. ఎఫ్. సీబర్టు అనునతడు 1924లో ఒక విద్యుత్పరికరముల కంపెనీ ఆస్తిని వేలములో కొని, మరమ్మతు పనిని చేపట్టెను. ఇతరులు చేసిన మరలును అతని బల్లమీదికి వచ్చెడివి. ఏ భాగము విరుగునో, ఏది కాలునో కన్నులార చూచి, తాను చేయు మరలను గట్టిపరచెను. ఆ కంపెనీయే 1951లో సాజాల్ అను, బిళ్లకు బదులు ముందువెనుకల కాడు అలుగుతో కోయు, చేతిరంపమును తెచ్చెను. అచ్చువేసిన చీటికంటె ఈ విప్పిచూచు అలవాటే మాకు నమ్మదగినదిగా తోచుచున్నది.

చట్టము వైపు చూతము. మన 1930 నాటి వస్తువిక్రయ చట్టములో వారంటీ యనునది చిన్నమాట, పెద్దమాట షరతు. షరతు తప్పినచో కొన్నవాడు సరకును త్రోసిపుచ్చవచ్చును. వారంటీ తప్పినచో నష్టపరిహారము కోరవచ్చును గాని సరకును నిరాకరింపరాదు. గొప్పగా అచ్చువేసిన చీటికి ఇంత చిన్నమాట పేరైనది! ఆ సరకు వ్యాపారివద్ద వర్ణననుబట్టి కొన్న వస్తువు అమ్మకమునకు తగిన నాణ్యము కలదై యుండవలెననునది చీటిలో లేకున్నను సాధారణముగా చట్టము కల్పించు షరతే.

అమెరికాలో ఒక గృహస్థునకు 1955 క్రిస్మసు కానుకగా భార్య యొక మర కొని యిచ్చెను. అది చేతిమర కాదు. రంపము, డ్రిల్లు, లేతు మూడును ఒక్కటిగా నున్నది. 1957లో లేతుగా వాడుచుండగా కొయ్య ఎగిరివచ్చి నుదుట తగిలెను. బిగింపు మరలు చాలనివని నిపుణులు చెప్పిరి. వారంటీ తప్పినదని అతడు నోటీసిచ్చుటకు పది నెలలు దాటినందున దావా చెల్లదని తయారీదారు వాదించెను. 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రోజర్ ట్రేనర్ ఆ వాదమును త్రోసివేసి, దోషముగల వస్తువును అంగటికి పంపి గాయము కలిగించినవాని బాధ్యత ఒప్పందమునుండి కాక చట్టమునుండియే పుట్టునని తీర్పు చెప్పెను. జ్యూరీ యిచ్చిన 65,000 డాలర్లు నిలిచినవి.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద లోపము సవరింపుమనియో, క్రొత్తది యిమ్మనియో, వెల తిరిగి చెల్లింపుమనియో కమిషను ఆజ్ఞాపింపవచ్చును. వ్యాపారార్థము కొన్నవాడు వినియోగదారుడు కాడన్న మాట అందున్నను, స్వయముపాధితో కేవలము పొట్టపోసికొనుటకు కొని తానే వాడుకొనువానికి అది వర్తింపదని అందే చెప్పబడినది. మన వీధిలో మరరంపము చేతబట్టి తలుపులు చేయు వడ్రంగి అట్టివాడే. రసీదును మాత్రము అతడు రంపపుపెట్టెలో దాచుకొనవలెను.