రెండు సముద్రాల గాలుల నడుమ సూరత్

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి సుమారు 20 కిలోమీటర్ల ఎగువన సూరత్ నగరం వెలసింది. మొగలు సామ్రాజ్యానికి అది ప్రధానమైన రేవు, మక్కా యాత్రికులు ఓడలెక్కే ద్వారం. ఈ నగర చరిత్రలో పాదుషాలు, వర్తకులు, విదేశీ కంపెనీలు విరివిగా కనిపిస్తారు. వారి రాకపోకలను శాసించిన గాలికి మాత్రం తగిన స్థానం లభించలేదు.

వేసవిలో వాయవ్య భారతం మండిపోవడంతో అక్కడి గాలి తేలికపడి అల్పపీడన ప్రాంతం ఏర్పడుతుంది. దక్షిణ హిందూ మహాసముద్రం నుండి బయలుదేరిన వాయురాశి భూమధ్యరేఖను దాటి, భూభ్రమణం వల్ల కుడివైపునకు మళ్లి, తేమను నింపుకొని నైరుతి ఋతుపవనంగా పశ్చిమ తీరాన్ని తాకుతుంది. శీతకాలంలో ఇందుకు భిన్నంగా, భూభాగం మీది పొడిగాలి ఈశాన్యం నుండి సముద్రం వైపు వీస్తుంది. సమశీతోష్ణ దేశాలలో చల్లని, వెచ్చని వాయురాశులు ఎదురుపడే సరిహద్దును వాతాగ్రం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరుణంలో నార్వే శాస్త్రజ్ఞులు ఈ భావనను రూపొందించి, యుద్ధరంగాన్ని తలపించే పేరును దానికి పెట్టారు. ఉష్ణమండలంలోని సూరత్‌కు వర్షాన్నిచ్చేది ఇటువంటి వాతాగ్రం కాదు. ఋతుపవన ప్రవాహమూ, అందులో పుట్టే అల్పపీడనాలూ మాత్రమే.

నావికులు ఈ గాలుల మార్పును శాస్త్రం కన్న ముందే గ్రహించారు. జూన్ నుండి ఆగస్టు వరకు అల్లకల్లోలమైన సముద్రంలో రాకపోకలు దాదాపు నిలిచిపోయేవి. ఎర్ర సముద్రానికి వెళ్లే ఓడలు ఈశాన్యపు గాలి ఉండగానే బయలుదేరి, నైరుతి గాలి ఉధృతి తగ్గే వేళకు తిరిగివచ్చేవి. విలియం హాకిన్స్ 'హెక్టర్' అనే ఓడలో సూరత్ రేవుకు చేరినది 1608 ఆగస్టులోనే. తపతీ ముఖద్వారంలో ఇసుక మేటలు ఉన్నందున పెద్ద ఓడలు సమీపంలోని సువాలీ వద్ద లంగరు వేసేవి. 1612లో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు పోరాడినది ఆ జలాలలోనే. ఈ గాలుల పటాన్ని ప్రచురించి, సూర్యతాపమే వాటికి మూలమని ఎడ్మండ్ హేలీ వివరించినది 1686లో. అప్పటికి సూరత్ వర్తకులు తరతరాలుగా ఆ గాలులను నమ్మి సరుకు పంపుతున్నారు.

గాలి ముఖం చాటేసిన సంవత్సరాలూ ఉన్నాయి. 1630లో గుజరాత్‌లో వానలు కురవలేదు. మరుసటి ఏడు అతివృష్టి మిగిలిన పంటను ముంచివేసింది. ఆ కరవుకాలంలో సూరత్ నుండి బుర్హాన్‌పూర్ మీదుగా ప్రయాణించిన పీటర్ మండీ దారి పొడవునా తాను చూసిన శవాలను గురించి రాసి ఉంచాడు. నేతగాండ్రు చెల్లాచెదురు కాగా వస్త్రవాణిజ్యం కుంటుపడింది.

సూరత్‌కు అరేబియా సముద్రం సంపదనిచ్చింది. వరదను తరచుగా పంపేది బంగాళాఖాతం. ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల సమీపంలో ఏర్పడే వాయుగుండాలు తీరం దాటి, ఋతుపవన ద్రోణి వెంట పడమరకు సాగుతాయి. బేతుల్ జిల్లాలోని ముల్తాయి వద్ద పుట్టి 724 కిలోమీటర్లు ప్రవహించే తపతీ కూడా పడమరకే పారుతుంది. వాన కదిలే దిక్కూ, నది పారే దిక్కూ ఒకటైనందున ఎగువ వరద, దిగువ వాన ఒకేసారి కలిసే ప్రమాదం ఎక్కువ. 1968 వరదలో ప్రవాహం సుమారు 15 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1972లో ఉకాయ్ ఆనకట్ట పూర్తయిన తరువాత నగరానికి ధైర్యం వచ్చింది. కాని 2006 ఆగస్టు మొదటి వారంలో ఒక వాయుగుండం ఇదే మార్గాన వచ్చింది. జలాశయం నుండి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా నగరంలో అధికభాగం మునిగింది. అదే వారంలో గోదావరి కూడా భద్రాచలం వద్ద ఉప్పొంగింది. సాగునీటికై జలాశయాన్ని నింపుకోవడమా, వరదకై ఖాళీ ఉంచుకోవడమా అన్న చిక్కుప్రశ్నకు జవాబు తూర్పు సముద్రపు మేఘాలను సకాలంలో చదవడంలోనే ఉంది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ముందస్తు సూచనలకు ఇక్కడ అంతటి విలువ ఉన్నది.

తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో అనేకం స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలను సైతం నడిపింది. పల్లపు ప్రాంతాలలోని ఖాడీలు పొంగినప్పుడు మొదట తడిసేది మరమగ్గం, దానిపైనున్న నూలు. బంగాళాఖాతంలో వాయుగుండమన్న వార్త కోస్తా రైతుకు ఎంత ముఖ్యమో, వేయి కిలోమీటర్ల అవతల మగ్గం ముందు కూర్చున్న ఆ నేతగానికీ అంతే ముఖ్యం.