పక్కా రంగు: ఆదోని, ఎమ్మిగనూరు నూలు అద్దకంలో పరమాణువుల కథ

పత్తికి ఆదోని, మగ్గానికి ఎమ్మిగనూరు. పశ్చిమ కర్నూలులో ఈ రెండు పేర్లూ జంటగానే వినిపిస్తాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాల్లో ఈ ప్రాంతం ఒకటి. 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో కలిసింది. నల్లరేగడిలో పండిన పత్తి నూలై, నూలు చిలపలై మగ్గం ఎక్కే లోపల జరిగే పని అద్దకం. ఉతికితే దిగేది కచ్చా రంగు, దిగనిది పక్కా రంగు. నేత బజారులో సరుకు విలువను తేల్చే ఈ తేడా నిజానికి పరమాణువుల మధ్య బంధంలో ఉన్న తేడా. అద్దకపువాళ్లు దాన్ని చేతితో సాధించిన చాలా శతాబ్దాలకు గాని రసాయన శాస్త్రం దాని కారణం చెప్పలేకపోయింది.

పత్తి పోగులో తొంభై శాతానికి పైగా సెల్యులోజు. వేల గ్లూకోజు అణువులు ఒకదాని వెనుక ఒకటి చేరిన పొడవాటి గొలుసు అది. గొలుసులోని ప్రతి గ్లూకోజు భాగానికీ మూడు హైడ్రాక్సిల్ జట్లు ఉంటాయి. ఒక్కో జట్టు ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్. నీళ్లను పీల్చుకునేవీ, రంగుతో తలపడేవీ ఇవే. ఉన్ని, పట్టు పోగుల్లో ఆమ్ల, క్షార జట్లు రెండూ ఉంటాయి కాబట్టి వాటికి రంగు సులువుగా అంటుతుంది. పత్తికి ఆ సౌకర్యం లేదు. నూలు అద్దకం చరిత్ర అంతా ఈ ఇబ్బందిని దాటడానికి మనుషులు వెతికిన దారులే.

మొదటి దారి నీలి. కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమందుకు పేరుపడ్డవి. నీలిమందు నీళ్లలో కరగదు, కరగనిది పోగులోకి వెళ్లదు. అందుకని అద్దకపువాళ్లు సున్నం, తగిరిస గింజల ఉడుకు కలిపి నీలి బానను పులియబెట్టేవారు. పులిసే క్రమంలో నీలి అణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు అదనంగా చేరతాయి. అప్పుడది సున్నపు నీళ్లలో కరిగి పసుపుపచ్చగా మారుతుంది. అందులో ముంచి తీసిన చిలప మొదట పసుపుపచ్చగా కనిపిస్తుంది. గాలి తగిలిన కొద్దీ ఆకుపచ్చ తిరిగి, చూస్తుండగానే నీలమవుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ రెండు హైడ్రోజన్లనూ లాగేసుకోవడమే జరిగిన సంగతి. కరగని నీలి మళ్లీ పుట్టి పోగు లోపలే చిక్కుకుపోతుంది. ఇక్కడ రంగుకూ పోగుకూ గట్టి బంధమేమీ లేదు. నీలి నీళ్లకు కరగదు, బయటికి రాలేదు, అంతే. రాపిడికి మాత్రం కొద్దికొద్దిగా వెలిసిపోతుంది.

ఎరుపుది వేరే పద్ధతి. కోస్తాలో చిరివేరు, దక్కన్ మెట్టల్లో తొగరు వేళ్ల బెరడు ఎర్ర రంగుకు మూలం. ఆ కషాయంలో నూలును ఊరికే ఉడికిస్తే రంగు నిలవదు. ముందు కరక్కాయ నీళ్లలో, తర్వాత పటిక నీళ్లలో ముంచి, అప్పుడు వేళ్ల కషాయంలో ఉడికించాలి. కరక్కాయలోని వగరు పదార్థం పోగును పట్టుకుంటుంది, పటికలోని అల్యూమినియం ఆ వగరును పట్టుకుంటుంది, వేరులోని రంగు తన ఆక్సిజన్లతో అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. పెళ్లి కుదిర్చే మధ్యవర్తిలా లోహం ఇటూ అటూ రెండు చేతులూ కలుపుతుంది. లోహ పరమాణువు చుట్టూ ఇతర పరమాణువులు ఇలా చేరే తీరును 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ వివరించాడు. కలంకారీ పనివాళ్లకు పటిక గుణం అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు.

పదార్థాన్ని విడగొట్టుకుంటూ పోతే చివరికి పరమాణువు మిగులుతుందన్న ఊహ మన దేశంలో కణాదుడి వైశేషికంలో, గ్రీసులో డెమోక్రిటస్ బోధలో ప్రాచీనకాలం నుంచీ ఉంది. దాన్ని త్రాసులో తూచగల శాస్త్రంగా మార్చిన వివాదంలో అద్దకానికీ పాత్ర ఉండటం విశేషం. ఫ్రాన్సు ప్రభుత్వ అద్దకశాలలకు అధికారిగా ఉన్న బెర్తొలే 1791లో అద్దకం మీద పెద్ద గ్రంథం రాశాడు. బట్టకు అంటుకునే రంగు ఇంత అని లెక్క లేకుండా ఎక్కువ తక్కువలుగా ఉంటుంది కదా. పదార్థాలు ఏ పాళ్లలోనైనా కలవగలవని ఆయన వాదించడానికి అలాంటి అనుభవం బలమిచ్చింది. నిజమైన సమ్మేళనంలో పాళ్లు ఎప్పుడూ మారవని ప్రూస్ట్ కాదన్నాడు. గెలుపు ప్రూస్ట్‌దే. పాళ్లు ఎందుకు మారవో చెప్పినవాడు జాన్ డాల్టన్. ప్రతి మూలకానికీ తనదైన బరువున్న పరమాణువులు ఉంటాయని, అవి ఒకటికి ఒకటి, ఒకటికి రెండు అన్నట్టు పూర్ణసంఖ్యల్లోనే కలుస్తాయని 1803 నుంచి 1808 లోపల ఆయన తేల్చాడు. డాల్టన్ ఒక నేతగాడి కొడుకు. ఆయన పనిచేసిన మాంచెస్టర్ పత్తి మిల్లుల నగరం. పైగా ఆయనకు రంగులు సరిగా కనిపించేవి కావు. ఆ లోపం మీద 1794లో ఆయన చదివిన పత్రం ఆ విషయంలో తొలి రచనల్లో ఒకటి.

పరమాణువుల లెక్క తెలిశాక వాటి అమరిక తేలాలి. కార్బన్‌కు నాలుగు బంధాలని కెకులే 1858లో, బెంజీన్ ఆరు కార్బన్ల వలయమని 1865లో ప్రతిపాదించాడు. ఆ వలయం తెలిసిన మూడేళ్లకే గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్లు చిరివేరులోని ఎర్ర రంగు అలిజరిన్‌ను తారు నుంచి తీసిన పదార్థంతో తయారుచేశారు. నీలి అణువు నిర్మాణాన్ని బేయర్ 1883లో తేల్చాడు. బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ 1897లో కృత్రిమ నీలిని బజారులోకి దింపింది. కాగితం మీద తేలిన ఒక నిర్మాణం రాయలసీమ నీలి పొలాలను పడగొట్టింది. రైతుకూ, బాన పులియబెట్టే పనివాడికీ అది చాలా పెద్ద దెబ్బ.

అదే 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని చూపాడు. 1916లో గిల్బర్ట్ లూయిస్ బంధం అంటే ఏమిటో చెప్పాడు: రెండు పరమాణువులు ఒక జత ఎలక్ట్రాన్లను పంచుకోవడం. ఇది సమయోజనీయ బంధం. ఉప్పులో జరిగేది వేరు. అక్కడ సోడియం ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది, ఎదురు ఆవేశాలు ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయి. వీటికంటే బాగా బలహీనమైనది హైడ్రోజన్ బంధం. పటిక అవసరం లేకుండా నేరుగా నూలుకు అంటుకునే కాంగో ఎరుపు 1884లో వచ్చింది. అలాంటి రంగులు ముఖ్యంగా ఈ బలహీన ఆకర్షణలతోనే నిలుస్తాయి. నీళ్లు కూడా అదే రకం బంధం కడతాయి కాబట్టి ఉతికినకొద్దీ దిగుతాయి. కచ్చా రంగు రహస్యం ఇదే.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో 1938లో నేత కార్మికుల సహకార సంఘం ఏర్పడేనాటికి అద్దకం కృత్రిమ రంగుల కాలంలోకి వచ్చేసింది. 1954లో పద్మశ్రీ అందుకున్న సోమప్ప పేరు నేటికీ ఆ ఊరి నేత చరిత్రలో మొదట వస్తుంది. సంఘానికి పేరు తెచ్చిన దుప్పట్లు, తువ్వాళ్లు పదే పదే ఉతికే సరుకు, వాటికి పక్కా రంగు తప్పనిసరి. 1912 నుంచి ఉన్న నాఫ్తాల్ రంగులు చేనేతకు బాగా కుదిరాయి. చిలపను మొదట నాఫ్తాల్ తొట్టిలో ముంచి, పిండాక, రెండో పదార్థం ఉన్న తొట్టిలో ముంచుతారు. రెండు పదార్థాలూ పోగు లోపల కలిసి, రెండు నైట్రోజన్ పరమాణువుల వంతెనతో కరగని రంగుగా మారతాయి. వీటిలో కొన్ని హానికరమైన అమీన్లను విడుదల చేస్తాయని తేలాక 1994లో జర్మనీ వాటిని నిషేధించింది, తర్వాత భారత్ కూడా అదే బాట పట్టింది.

రంగును నూలుతో నిజంగా బంధించినవారు ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీకి చెందిన రాటీ, స్టీఫెన్. వాళ్లు కనుగొన్న రియాక్టివ్ రంగులు 1956లో బజారుకొచ్చాయి. వాటి అణువులో కదిలే క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. తొట్టిలో వాషింగ్ సోడా వేయగానే క్లోరిన్ తప్పుకుంటుంది, ఆ చోట సెల్యులోజు ఆక్సిజన్ చేరి సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. అప్పటి నుంచి రంగు పోగులో ఒక భాగం. అయితే తొట్టిలోని నీళ్లకూ హైడ్రాక్సిల్ ఉంది. కొంత రంగు నూలుకు బదులు నీళ్లతో కలిసి వ్యర్థమవుతుంది. దాన్ని వేడి సబ్బు నీళ్లతో పూర్తిగా కడిగేయాలి, ఆ మురుగును శుద్ధి చేయకుండా వాగులోకి వదలకూడదు. కొత్త తువ్వాలు మొదటి ఉతుకులో రంగు దిగిందంటే చాలావరకు కారణం బంధం తెగడం కాదు, ఆ కడుగుడు సరిగా జరగకపోవడం.