ఉపదేశి వెంట నడిచిన పల్లెలు

ఒంగోలులో క్రైస్తవుల చరిత్ర ఎత్తితే చాలు, ఎవరైనా ముందు 2,222 అనే అంకె చెబుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్క పగటిలో బాప్తిస్మం పొందినవారి సంఖ్య అది. మా చిన్నతనంలో సండే స్కూల్లో ఆ అంకెను మా చేత వల్లె వేయించేవారు. పంతులు ఉద్యోగం దిగాక తీరిక దొరికి పాత పుస్తకాలు తిరగేస్తుంటే నాకు వేరే ప్రశ్న పుట్టింది. ఆ 2,222 మంది జూలై 4న ఎక్కడికి వెళ్లారు? సొంత పల్లెలకే. అవే గుడిసెలు, అదే కామందు, అదే కరణం. ఏటిలో మునిగి లేచినంత మాత్రాన ఊళ్లో వాళ్ల స్థానం అంగుళం కూడా మారలేదు. పైగా కొత్త కష్టాలు మొదలయ్యాయి. ఆ కష్టాల్లో వాళ్లను నిలబెట్టింది ఎవరు?

మా తాత ఒక పల్లెలో ఉపదేశి, అంటే సంఘం తరఫున పల్లెవాళ్లకు బోధించే మనిషి. ఆయన్ని నేను చూడలేదు. మా నాయనమ్మ చెప్పిన ముచ్చట్ల వల్ల ఈ ప్రశ్నకు సగం జవాబు నాకు ముందే తెలుసు. మిగతా సగం పాత రాతల్లో దొరికింది.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు నేల మీదికి వచ్చింది 1836లో. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడుస్తున్నా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇక ఆ పని మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించారు: మిషనరీలైన జూయెట్ దంపతులు, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, రూతు, జూలియా. ఆ కొండను ఇవాళ్టికీ ప్రార్థన కొండ అనే పిలుస్తాం. ఐదుగురిలో చిన్నది జూలియా. జూయెట్ దంపతుల దగ్గర పెరిగిన ఆ పిల్ల, పెద్దదయ్యాక కనకయ్య గారిని పెళ్లాడి, నెల్లూరు ఆడపిల్లలకు తనే బోధకురాలైంది. నా లెక్కలో ఈ కథకు మొదటి మెట్టు అదే. ఒకరు ఇంకొకరిని పెంచారు, ఆ ఇంకొకరు మరికొందరిని పెంచారు.

రెండో మెట్టు యర్రగుంట్ల పేరయ్య గారు. మాదిగ కులస్థుడు, తోళ్ల బేరగాడు. బేరం మీద ఊళ్లు తిరిగే మనిషి. క్రైస్తవుడు కాకముందు ఆయన రాజయోగ మార్గంలో గురూపదేశం పొందిన సాధకుడు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఆ రోజుల్లో మాదిగ పల్లెలకు అక్షరం రాకపోయినా గురువు వచ్చేవాడు. గుడి గడప తొక్కనివ్వని జనానికి ఇంటి అరుగు మీదే ఉపదేశం దొరికేది. గురువు వస్తే పల్లె అంతా వండిపెట్టేది, చెప్పింది వినేది, సందేహం అడిగేది. శిష్యుడు సాధనలో తడబడితే గురువు మళ్లీ వచ్చినప్పుడు సరిచేసేవాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా క్లౌ 1899లో అచ్చు వేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పుస్తకంలో, తొలితరం ఉపదేశులు ఈ గురువుల గురించి చెప్పిన కథలు చాలా ఉన్నాయి. క్రీస్తు మాట ఆ పల్లెల్లోకి వచ్చింది ఈ పాత దారిలోనే. నడిచొచ్చే గురువు కోసం పల్లె అప్పటికే అలవాటుపడి ఉంది.

బేరం మీద ఏలూరు వైపు వెళ్లిన పేరయ్య గారు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ దొర బోధ విన్నారు. తర్వాత 1866లో, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందారు. తిరిగొచ్చి ఊరుకోలేదు. తోళ్ల కోసం ఏ పల్లెకు వెళ్తే ఆ పల్లెలో, చుట్టాల ఇంట కూర్చుని చెప్పేవారు. మేనమామ చెబితే మేనల్లుడు, వియ్యంకుడు చెబితే వియ్యంకుడు విన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య గారు కబురు పంపి దొరను తాళ్లకొండపాడు రప్పించారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కొన్ని రోజులకు సరిపడా తిండి, బాప్తిస్మానికి మార్చుకునే బట్టలు మూటగట్టుకుని వచ్చారు. చింతల తోపులో ఐదు రోజుల కూడిక జరిగింది. చివర 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వచ్చి చూసింది పంట. విత్తనం చల్లి నీరు పెట్టినవాళ్లు పేరయ్య, నాగమ్మ.

ఇక కష్టాల సంగతి. క్లౌ దొర కొత్తవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. ఊరి కట్టుబాటులో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. మాదిగవాడు చెప్పులు కుట్టాలి, మోట తోళ్లు బాగుచేయాలి, చచ్చిన గొడ్డును ఈడ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి. అందుకు కళ్లంలో అతనికి గింజల వాటా ఉంటుంది. డప్పు కొట్టనంటే జాతర ఆగుతుంది. ఆదివారం రానంటే కోత ఆగుతుంది. ఆగినందుకు కళ్లంలో వాటా ఆగింది. దొంగతనాలు అంటగట్టారు, దెబ్బలు పడ్డాయి. కొన్ని చోట్ల చాకలి రాలేదు, కుమ్మరి కుండ ఇవ్వలేదు, నీళ్లకు దారి మూశారు. ఒంగోలు బంగళాలో ఉన్న దొర మేజిస్ట్రేటుకు ఉత్తరం రాయగలడు. ఆ ఉత్తరం చేరేలోపు పల్లెలో రాత్రి గడవాలి కదా. ఆ రాత్రి తోడున్నవాడు ఉపదేశి.

ఉపదేశి పని పగలు మొదలయ్యేది కాదని మా నాయనమ్మ చెప్పేది. జనం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సంగటి తిన్నాకే కూడిక. దీపానికి నూనె లేని ఇళ్లు కాబట్టి వెన్నెల ఉంటే వెన్నెట్లో, లేకుంటే చీకట్లో. చదువు రానివాళ్లకు మాట నోటికి వచ్చేదాకా చెప్పించాలి. పాట కట్టి పాడించాలి. ఆ తర్వాతే అసలు పని. ఎవరి వాటా ఎగ్గొట్టారు, ఎవరి అల్లుడు అలిగి అమ్మవారికి కోడిని కోశాడు, ఎవరి కొడుకు భయపడి డప్పు మళ్లీ ఎత్తాడు, అన్నీ అక్కడే తేలేవి. తప్పిపోయినవాడి గుడిసెకు ఉపదేశి తెల్లారకముందే వెళ్లేవాడు. తిట్టడానికి వెళ్లేవాడు కాదు. వాడితో పాటు చేనుకు నడిచేవాడు. ఆడవాళ్ల దగ్గరకు ఉపదేశి భార్య వెళ్లేది. బైబిలు స్త్రీలనే పేరు తర్వాత వచ్చింది. పని మాత్రం నాగమ్మ నాటి నుంచీ ఉంది.

ఉపదేశి కూడా మనిషే. వాడు డీలా పడితే? దానికి మూడు నెలలకోసారి జరిగే కూడికలు ఉండేవి. ఉపదేశులంతా ఒంగోలు వచ్చి కొన్ని రోజులు మిషన్ ఆవరణలో కలిసి ఉండేవారు. ఎవరి పల్లెల సంగతులు వారు చెప్పుకునేవారు. కొత్త పాఠం నేర్చుకునేవారు. చిక్కుముడి ఉంటే పెద్ద ఉపదేశులు తీర్చేవారు. తగాదాలను పల్లె పెద్దల పద్ధతిలో, పంచాయతీగా కూర్చునే తీర్చారు. అమెరికా పద్ధతిని అచ్చంగా తెచ్చి ఇక్కడ నాటితే బతకదని క్లౌ దొరకు త్వరగానే తెలిసింది. 1870ల మొదట్లో రామాయపట్నంలో బోధకుల కోసం వేదపాఠశాల పెట్టారు. అక్కడ చదివినవాళ్లు కూడా పల్లెల్లో పాత ఉపదేశుల వెంట తిరిగే పని నేర్చుకున్నారు.

ఈ ఏర్పాటుకు గట్టి పరీక్ష 1876-78 కరువు. వానలు లేవు, గొడ్లు చచ్చాయి, జనం ఆకులూ దుంపలూ తిన్నారు. కరువు పని కింద సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ దొర మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ముప్పై మంది దాకా ఉపదేశులను మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద వంద మంది వరకు కూలీలు. మట్టి తట్టలు దించి జనం సేదదీరే వేళ ఉపదేశి వాళ్ల మధ్య కూర్చునేవాడు. మత్తయి సువార్త 11వ అధ్యాయం 28వ వచనం, భారం మోసేవాళ్లను రమ్మని పిలిచే ఆ మాట, అక్కడ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. తలమీద తట్ట ఉన్నవాడికి ఆ వచనం విడమరిచి చెప్పనక్కర్లేదు. కష్టంలో ఉన్నవాడికి బోధించాలంటే ముందు వాడితో కలిసి ఎండలో నిలబడాలి. ఆ కాలువ గట్టు మీద ఉపదేశులు చేసింది అదే.

కూటి కోసం మతం మార్చుకున్నారనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి చరిత్ర ఇచ్చే జవాబు ఒకటుంది. కరువు సాయం అందుతున్నన్నాళ్లూ, పదిహేను నెలల పాటు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం వచ్చి అడిగినా ఆగమన్నాడు. కూలి డబ్బు చేతికి రావడం ఆగిపోయాకే తలుపు తీశాడు. అప్పుడొచ్చిన జనాన్ని పట్టణంలోకి రానిస్తే అంటురోగాల భయమని, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కలుసుకున్నాడు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఏడాది ముగిసేసరికి తొమ్మిది వేలు దాటింది.

ఆ జూలై 3 గురించి మా సండే స్కూల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు క్లౌ దొర ఏటిలో దిగలేదు. ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, మళ్లీ సాయంత్రం దాకా నీళ్లలో నిలబడ్డారు. ఒడ్డున మిగతా ఉపదేశులు జాబితాలు పట్టుకుని తమ తమ పల్లెలవారిని పేరు పేరునా పిలిచారు. ఎవరు ఏ పల్లె, ఎవరి కొడుకు, ఎన్నాళ్లుగా వింటున్నాడు, ఇంట్లో ఎవరు అడ్డం, ఇవన్నీ ఆ ఉపదేశులకు తెలుసు. దొరకు తెలియవు, తెలిసే వీలూ లేదు. అంత పెద్ద సంఖ్య గుంపు మాటగా మిగలకుండా కాపాడింది ఆ పేరుపేరు పిలుపే.

అందరూ నిలిచారా? లేదు. ఉపదేశి సరిగా తిరగని పల్లెల్లో జనం పాత బాట పట్టారు. సంఘం పుస్తకంలో పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఇరవై వేలు దాటిన ఒంగోలు సంఘాన్ని ఒక్కచోటి నుంచి చూసుకోలేమని 1880ల మొదట్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వైపు పనిని పంచారు. ఇందులో నాకు కనిపించేది ఒక్కటే. సంఖ్య పెరిగినప్పుడు వాళ్లు పెద్ద సభలు పెట్టి సరిపెట్టుకోలేదు. నడిచే మనుషుల్ని పెంచారు, నడవాల్సిన దూరం తగ్గించారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఒంగోలు నుంచి హైదరాబాదు దాకా మన కూడికలకు పందిళ్లు చాలడం లేదు. మైకులున్నాయి, తెరలున్నాయి, పాటల బృందాలున్నాయి. సంఘంలో పుట్టి పెరిగిన పిల్లాడు కోచింగుకని, ఉద్యోగానికని నగరం వెళ్లి గదిలో ఒంటరిగా ఉంటే, పరీక్ష తప్పితే, జీతం ఆగితే, కులం పేరుతో ఎవరో అవమానిస్తే వాడికి ఫోన్ చేసే పెద్దమనిషి ఎవరు? యౌవనస్తుల కూడికకు రాలేదని హాజరు వేసేవాళ్లున్నారు. ఎందుకు రాలేదో గది దాకా వెళ్లి కనుక్కునేవాళ్లు తక్కువ. వాడు సంఘం వదిలేస్తే, లోకంలో పడిపోయాడని ప్రార్థన విన్నపాల్లో పేరు చదువుతాం. పేరయ్య గారి కాలంలో అయితే ఆ పేరు చదివే ముందు ఎవరో ఒకరు నడిచి వెళ్లేవారు.

సంఘ పెద్దలకు నా విన్నపం ఇదీ. కొత్త పథకాలేవీ వద్దు. మీలో ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని మీ బాధ్యతగా తీసుకోండి. వాళ్ల పేరు, ఊరు, చదువు, అప్పు, భయం తెలుసుకోండి. ఆదివారం వరకు ఆగకండి. మూడు నెలలకోసారి మీరంతా కూర్చుని, ఎవరి పిల్లలు ఎలా ఉన్నారో ఒకరికొకరు లెక్క చెప్పుకోండి. అక్షరం రాని పల్లెలను, కళ్లం వాటా పోయిన కుటుంబాలను మన పెద్దలు నిలబెట్టింది ఈ పద్ధతితోనే. మన పిల్లల్ని నిలబెట్టడానికీ ఇది చాలు. చేయాల్సింది మొదలుపెట్టడమే.