కాస్కేడ్ పర్వతాల శీతకాల వాతావరణ సూచన: వెల్లింగ్టన్ నుంచి లాంగ్లీ హిల్ వరకు

పసిఫిక్ సముద్రపు తేమగాలులు వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాలను తాకి పైకి లేచి చల్లబడతాయి. అందువల్ల శీతకాలంలో అక్కడ విపరీతంగా మంచు కురుస్తుంది. ఎంత కురుస్తుందన్న దానికన్నా, ఏ ఎత్తు దాకా అది వానగా పడుతుందన్నదే ఆ ప్రాంతపు సూచనలో క్లిష్టమైన ప్రశ్న.

1910 ఫిబ్రవరి చివర ఎడతెగని మంచులో గ్రేట్ నార్తర్న్ సంస్థకు చెందిన రెండు రైళ్లు వెల్లింగ్టన్ స్టేషను వద్ద చిక్కుకుపోయాయి. రోజుల తర్వాత మంచు వానగా మారింది. ఊరట కలిగించవలసిన ఆ మార్పే ప్రాణాంతకమైంది. పేరుకున్న మంచు వాననీటితో బరువెక్కింది. మార్చి 1న, అర్ధరాత్రి దాటిన తర్వాత, ఉరుముల నడుమ కొండవాలు నుంచి విరిగిపడిన మంచుచరియ రెండు రైళ్లనూ టై నది లోయలోకి తోసివేసింది. 96 మంది మరణించారు. 1929లో కొత్త సొరంగం తెరిచి రైల్వే ఆ పాత దారినే వదిలేసింది. అది ప్రమాదాన్ని తప్పించుకోవడమే గాని, ముందుగా పసిగట్టడం కాదు.

పసిగట్టాలంటే సముద్రం వైపు చూపు ఉండాలి. రాడార్లు వచ్చాక కూడా కమానో ద్వీపంలోని రాడారుకు ఒలింపిక్ పర్వతాలు అడ్డుగా నిలిచాయి. 2007 డిసెంబరులో మొదట మంచు, వెంటనే వెచ్చని వాన, పెనుగాలి వచ్చాయి. చెహాలిస్ నది పొంగి ఐ-5 రహదారి మూతపడింది. తీరంలోని లాంగ్లీ హిల్ మీద రాడారు 2011లో గాని పని ప్రారంభించలేదు.